అరవై దాటినంక బ్యాండు

రిటైరైన జనగామ సారొకాయన మొన్న రైలెక్కి హైదరాబాద్ వెళ్లి, టికెట్టు కొని, చిరుగుల ప్యాంటు పిల్లల బ్యాండు ముందు రెండు గంటలు నిలబడి వచ్చారు. మోకాళ్లు గుర్తుకే రాలేదట! "కొత్త బ్యాండు కనిపెట్టిననోయ్" అని కనబడ్డ ప్రతివాడికీ చెబుతున్నారు.

సంతోషమే సారూ. మీ పక్కన మాణిక్యపురంలోనే చుక్క సత్తయ్య ఉండేవారు. డోలు మీద దెబ్బ పడి ఒగ్గుకథ ఎత్తుకుంటే జనం కదిలేవారు కాదు. 2017లో ఆయన పోయారు. అప్పటిదాకా మీకు తీరిక దొరకలేదు, పాపం. దేవరుప్పుల మండలం గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్నైనా మీరు పేపర్లోనే కనిపెట్టారు.

మహబూబాబాద్ తండాల్లో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు తీజ్ పాటలు పాడతారు. టికెట్టు లేదు కాబట్టి అది లైవ్ కిందికి రాదేమో! భూపాలపల్లిలో బొగ్గుబాయి నుంచి దిగిపోయిన పెద్దాయన లెక్క వేరు: "ముప్పై ఏండ్లు మిషన్ల మోత ఇన్న బిడ్డా, బరాత్‌ల డీజే నాకు జోలపాట."

సారు ఇంట్లో టీచరమ్మ మాత్రం ఊరుకోలేదు. "పోయినేడు చిందోళ్లు మన గల్లీకే ఆటకొస్తే, నిద్ర పడ్తలేదని కిటికీలు మూసింది ఎవలు?"

సారు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు.