మేడమీది లెట్యూసు మాహాత్మ్యము

చైత్రము దాటి వైశాఖము ప్రవేశించి, కాకులు సయితము నీడ వెదకికొను మధ్యాహ్నవేళ, హైదరాబాదు మేడలమీద ఆకుపచ్చని షేడ్‌నెట్టు క్రింద, గ్రో బ్యాగుల వరుసల నడుమ చతికిలబడి, శీతలదేశముల పత్రమగు లెట్యూసును కన్నబిడ్డకంటె గారాబముగా సాకుచు, “ఈ వేసవికి మా యింట మా చేతిపంట సలాడే” యని చాటుకొను నాగరకోత్తములు నానాటికి పెచ్చు పెరుగుచున్నారు. వారి నిష్ఠను శంకించుట నా యభిమతము గాదు. ఆ నిష్ఠలో నాలుగవ వంతు ఋతువును గుర్తించుటయందు చూపియుండిన, ఈ వ్యాసమునకు పనియే లేకపోయెడిది.

ఇది ఖర్చులేని యింటిపంట యని వారి మొదటి మాట. విత్తనముల పొట్లము విదేశీయము. మన్ను బరువని త్రోసిపుచ్చి తెప్పించిన కొబ్బరిపొట్టు పొల్లాచ్చినుండి లారీ యెక్కి వచ్చినది. వర్మికంపోస్టు, వేపనూనె, డ్రిప్పు గొట్టములు బజారు సరకు. ఆకులపై చిలుకరించు ఆలివు నూనె సముద్రములు దాటివచ్చినది. ఇందరి చెమటయు నింత దూరపు రవాణాయు ఏకమై ఫలించిన గుప్పెడాకులకు ఇంటిపంట యని నామకరణము!

ఇది ప్రకృతితో సహజీవనమని రెండవ మాట. లెట్యూసు స్వభావమేమన, 15 మొదలు 20 డిగ్రీల చల్లదనమున అది వినయముగా ఆకు పరచుకొని కూర్చుండును. నేల వేడి 30 డిగ్రీలు మీరెనేని దాని విత్తనము నిద్ర లేవనే యొల్లదు. పగటివేడి 40 దాటు మన మేనెలలో దానిని మేల్కొలుపుటకై విత్తనమును ఫ్రిజ్జులో పరుండబెట్టి, మొలకకు ఏసీ గదిలో బారసాల జరిపి, నీడ జరిగినకొలది కుండీని జరుపుచు, తుదకు కోసిన యాకును మంచునీట ముంచి స్పృహ తెప్పించి, దీనికి ప్రకృతి యని పేరిడుదురు. కరెంటు పోయిన గంటలో ప్రాణము విడుచు ప్రకృతిని లోకము ఇంతకు ముందెన్నడును ఎరుగదు.

ఒంటికి చలువ యనునది మూడవ మాట. నూటికి 95 పాళ్లు నీరేయైన యాకు చలువ చేయదనువాడెవడు? కుండలో నీరును అంతే చలువ చేయును. ఇంతకును ఇన్ని యుపచారములు పొందియు నా మొక్క, ఎండ సోకగనే తనకు కాలము సమీపించెనని గ్రహించి, వంశరక్షణార్థము నడుమనుండి నిట్టనిలువుగా పూకాడ నెత్తును. అప్పుడు ఆకు తుంచిన చోట తెల్లని పాలు చిమ్మును, ఆకంతయు చేదెక్కును. ఆ చేదు మరుగుపరచుటకు తేనెయు, తేనె వెగటు మాన్పుటకు నిమ్మరసమును, నిమ్మ పులుపు నణచుటకు చీజును, చీజు కొఱకు బాదములును చేర్చి, ఆ గిన్నెను ఫొటో తీసి బంధుకోటికి పంపిన పిమ్మట, కుటుంబమంతయు వంటింట జేరి పెరుగన్నములో ఆవకాయ నంజుకొని ఆకలి తీర్చుకొనును.

ఇట్లనగనే, ఆగస్టస్ చక్రవర్తి రోగవిముక్తికి లెట్యూసే కారణమని ప్రాచీన రోమను గ్రంథకర్త ప్లినీ వ్రాయలేదా యని చదువుకొన్నవారు అడ్డు తగులుదురు. వ్రాసినమాట నిజమే, కాని రోమనులు విగ్రహము నిలిపినది వైద్యుడగు ఆంటోనియస్ మూసాకు గాని యాకునకు గాదు. లెట్యూసుతో చేయు సీజర్ సలాడునకు రోమా సింహాసనముతో చుట్టరికము కలుపువారును గలరు. అది 1924 ప్రాంతమున మెక్సికోలోని టిహువానా పట్టణమున సీజర్ కార్డీనీ యను హోటలు యజమాని కల్పించినదని ప్రసిద్ధి.

అసలు విడ్డూరము ఆ కుండీలోనే కలదు. లెట్యూసు వాడి వ్రాలుచుండగా దాని మొదట, ఎవరును నాటకయే, ఎఱ్ఱని కాడలతో, దళసరి చిట్టియాకులతో నేల నంటి ప్రాకు మొక్క యొకటి మండుటెండలో నిగనిగలాడుచుండును. తెలంగాణమున గంగవాయిలి యనియు, కోస్తాలో గంగపాయల కూర యనియు పిలుచునది అదియే. ఆకుకూరలలో అరుదగు ఒమేగా-3 కొవ్వు దానియందు కలదు. గ్రీసు, టర్కీ, లెబనాను దేశములవారు దానిని పచ్చిగనే సలాడులో వేసికొందురు. మన మేడతోట మహనీయుడు మాత్రము దానిని కలుపని వేళ్లతోగూడ పెరికి పారవైచి, మరల లెట్యూసునకు విసనకఱ్ఱ పట్టును.

లెట్యూసుపై నాకు ద్వేషము లేదు. కార్తికమున విత్తి పుష్యమున కోసికొన్నచో కమ్మని యాకే దొరకును. వేసవికి సలాడే కావలెనన్న, నానిన పెసరపప్పులో దోసకాయ ముక్కలును పచ్చిమామిడి తురుమును కలిపి, శ్రీరామనవమినాడు మన పెద్దలు పంచిపెట్టిన వడపప్పు ఉండనే యున్నది. కావున మేడతోట సోదరులారా, ఈ వేసవికి లెట్యూసును దాని చలికాలమునకు విడిచిపెట్టుడు. గంగవాయిలిని పెరికి పారవేయక పప్పులో వేయుడు.