కుక్కకు టీకా, మనకు తాత్పర్యం

మూలం

"ప్రియమైన పెట్ పేరెంట్! మీ ఫర్ బేబీ తన నూతన గృహానికి ఒత్తిడి లేకుండా రీలొకేట్ అవుతుంది. మైక్రోచిప్, టీకా, టైటర్, క్రేట్: అన్నీ మేం చూసుకుంటాం. మీరు నిశ్చింతగా ఉండండి."

అవతారిక

ఇది కుక్కలను విదేశాలకు సాగనంపే ఒక సంస్థవారి కరపత్రం. కర్త పేరు తెలియదు, తెలిసినా చెప్పను. రెండేళ్ల కిందట మా ఎదురింటి అబ్బాయి భార్యాసమేతంగా జర్మనీ ఉద్యోగానికి వెళుతూ ఈ కరపత్రాన్ని, ఒక పెద్ద బోనును, బ్రూనో అనే లాబ్రడార్ కుక్కను మా అరుగు మీద దించి, "మూడే మూడు నెలలు అయ్యవారూ, రవ్వంత చూసుకోండి" అన్నాడు. ముప్పయ్యేళ్లు వ్యాకరణం చెప్పినవాడు సంఖ్యావాచకాలను అంత తేలిగ్గా నమ్మకూడదు. నమ్మాను.

మా ఊరు శ్రీనివాసపురం. కోలారు జిల్లా. పూర్వం పాపనపల్లి అనేవారనీ, మైసూరు దివాను పూర్ణయ్య తన కొడుకు శ్రీనివాసమూర్తి పేరు దీనికి పెట్టాడనీ చెబుతారు. అంటే కొడుకు పేరున వెలసిన ఊరు. ఇప్పుడు కొడుకులు తప్ప అందరం ఉన్నాం.

మెదకు సీమ నుంచి వచ్చిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయనకు కుక్కను అప్పగించి పోయిన పొరుగువారున్నట్టు దాఖలా లేదు. కాబట్టి ఆ ఒట్టు నాకు చెల్లదు.

ప్రతిపదార్థం

'ప్రియమైన', 'తన', 'గృహానికి': సుగమం.

'పెట్ పేరెంట్': ఇది ఏ సమాసం? పెట్‌కు పేరెంట్ అని షష్ఠీతత్పురుషం చెబితే కరపత్రకర్త సంతోషిస్తాడు. పేరెంటే పెట్ అని కర్మధారయమూ కుదురుతుంది: వేళకు తిండి, వేళకు మందుబిళ్ల, ఆదివారం వీడియోకాల్‌లో పేరు పెట్టి పిలిస్తే ముఖం వెలగడం, అన్ని లక్షణాలూ ఉన్నాయి. ఎవరికి పేరెంట్లే పెట్లో వాడు, అని బహువ్రీహి చెప్పారో, బహువ్రీహి అన్యపదార్థ ప్రధానం కనుక ఆ అన్యపదార్థం జర్మనీలో ఉంటుంది. మూడింటిలో ఏది సాధువో ఎదురింటావిడను అడగాలి. అబ్బాయి తల్లి. ఆవిడ ఇక్కడే ఉంది.

'ఫర్ బేబీ': బొచ్చుబిడ్డ అని అర్థం. బ్రూనోకు అప్పటికే ఏడేళ్లు. వయసు ఇంతగా తగ్గించి చెప్పడం పెళ్లి సంబంధాల్లో తప్ప శిష్టసమ్మతం కాదు.

'రీలొకేట్ అవుతుంది': ఇక్కడ కాస్త ఆగాలి. తీసుకెళతాం అనలేదు, పంపుతాం అనలేదు, 'అవుతుంది' అన్నాడు. వాన పడినట్టు, పొద్దు గుంకినట్టు, కర్త లేకుండా దానంతట అదే. కుక్కకు ఈ క్రియతో సంబంధమేమిటో తెలియాలంటే పాణిని దగ్గరికి పోవాలి.

అష్టాధ్యాయి ఆరో అధ్యాయంలో ఒక సూత్రం ఉంది. దానిలో ఆ మహానుభావుడు కుక్కను, కుర్రవాణ్ణి, ఇంద్రుణ్ణి ఒకే తాటికి కట్టేశాడు. శ్వా, యువా, మఘవా. విభక్తులు మామూలుగా నడుస్తూ నడుస్తూ ఒకచోట మలుపు తిరుగుతాయి. అక్కడ ఈ ముగ్గురి నడుమనున్న వకారం కరిగి ఉకారమైపోతుంది. శ్వా శునః అవుతుంది, యువా యూనః అవుతాడు, మఘవా మఘోనః అవుతాడు. దీన్ని సంప్రసారణం అంటారు. ముత్యాన్నీ గాజుపూసనూ ఒకే దారాన గుచ్చినట్టుందని పండితులు దీన్ని ఎగతాళి చేశారు, చాటువులు కట్టారు. ముప్పయ్యేళ్లు నేనూ ఆ చాటువు చెప్పి పిల్లలను నవ్వించాను. ఎదురింటి అబ్బాయి కూడా ఆ తరగతిలోనే కూర్చుని నవ్వాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. పాణిని చూసి రాసినట్టుంది. కుక్క ఉంది. కుర్రవాడు ఉన్నాడు. కౌంటరు వెనక ముద్ర పట్టుకుని కూర్చున్న ఇంద్రుడు ఉన్నాడు. వీసా అనే సూత్రం ముగ్గురినీ ఒకచోట కట్టింది. విభక్తి అంటే ఏమిటి? వేరుపడటం. వేరుపడే వేళ వచ్చేసరికి ముగ్గురిలోనూ ఏదో ఒక అక్షరం కరిగిపోతుంది. పాణిని ఒక మినహాయింపు కూడా ఇచ్చాడు: తద్ధిత ప్రత్యయం పరమైతే ఈ కార్యం జరగదు. తద్ధితం, అంటే తత్ + హితం, దానికి మేలైనది. దాని మేలు కోరిన చోట అక్షరం చెక్కుచెదరదు. ఇలాంటి అన్వయం ఏ శాస్త్రీ ఒప్పుకోడు. నేను ఒప్పుకున్నాను.

సముద్రం దాటిన మొదటి కుక్క మాటేమిటని అడుగుతారేమో. సముద్రం కాదు కానీ, ఋగ్వేదం పదో మండలంలో సరమ రసానదిని దాటి వెళ్లింది. పంపింది ఇంద్రుడే. పణులు దాచిన ఆవులను వెదకడం ఆమె పని. వాళ్లు చెల్లెలా అన్నారు, ఇక్కడే ఉండిపో, ఆవుల్లో వాటా ఇస్తామన్నారు. సరమ ఒప్పుకోలేదు. అదే సరమ మహాభారతం ఆదిపర్వంలో మళ్లీ కనిపిస్తుంది: జనమేజయుడి తమ్ముళ్లు తన బిడ్డను నిష్కారణంగా కొట్టారని యాగశాలకు వచ్చి నిలదీస్తుంది. ఎవరూ జవాబు చెప్పరు. ఫిర్యాదుకు జవాబు రాకపోవడమనే ఆచారం అంత పాతది. ఇక ధర్మరాజు, కుక్క, స్వర్గం కథ అందరికీ తెలిసిందే కనుక వదిలేస్తున్నాను. ఆయన దాన్ని పొరుగింట్లో దించలేదన్న ఒక్క ముక్క తప్ప.

ఎక్కడున్నాం? చిప్.

'మైక్రోచిప్': బియ్యపు గింజంత వస్తువు. మెడ దగ్గర చర్మం కింద సూదితో దించుతారు. దానిలో ఐఎస్‌ఓ 11784, 11785 ప్రమాణాల ప్రకారం 15 అంకెల సంఖ్య ఉంటుంది. చిప్ ముందు, రేబిస్ టీకా తర్వాత: యూరప్ నియమం ఇది. బ్రూనోకు ఆరేళ్లుగా ఏటా టీకా పడింది, పుస్తకం నిండా ముద్రలే. కాని చిప్ వేయించింది ప్రయాణానికి నెల ముందు. వ్యాకరణంలో 'అసిద్ధం' అని ఒక మాట ఉంది: కార్యం జరిగింది, కాని మరో సూత్రం కళ్లకు అది జరగనట్టే. ఆరేళ్ల టీకాలూ అసిద్ధం. మళ్లీ మొదటి నుంచి. కరపత్రం నాలుగు పదాలను కామాలతో వరసగా పేర్చింది కాని, ఆ వరసే శాస్త్రమని ఎక్కడా చెప్పలేదు.

చిప్ వేసినరోజు ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి చూసింది. "దానికి చిప్పు ఏపిచ్చినారు సామీ, బాగుంది. నా మోకాలి చిప్ప సంగతి ఎవరూ అడగరు" అంది. దీనికి వ్యాఖ్య రాయలేదు.

'టీకా': శ్లేష. కుక్కకు వేసేదీ, నేను రాసేదీ. మొదటిదానికి మాత్రమే గడువు ఉంటుంది.

'టైటర్': టీకా పని చేసిందో లేదో రక్తంలో చూసే లెక్క. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లయినా ఉండాలి. టీకా వేసిన 30 రోజులకు గాని రక్తం తీయకూడదు. యూరప్ ఆమోదించిన ప్రయోగశాలకే పంపాలి. ఫలితం బాగున్నా, రక్తం తీసిన నాటి నుంచి మూడు నెలలు ఆగాలి, ఎందుకంటే భారతదేశం యూరప్ వారి సురక్షిత జాబితాలో లేదు. ఆ భయం అన్యాయమని నేననను. రేబిస్ మన వీధుల్లో ఇప్పటికీ మనుషులను చంపుతోంది. నా గొడవ నియమంతో కాదు. కూడితే కనీసం నాలుగు నెలలు పట్టే పనిని నాలుగు వారాలు ఉందనగా మొదలుపెట్టి, మిగిలిన లెక్కను ఎదురింటి అరుగుకు బదిలీ చేసినవారితో.

పాఠభేదాలు: దేశాన్ని బట్టి మూలం మారుతుంది. అమెరికా పాఠంలో 2024 ఆగస్టు 1 నుంచి కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి. మనలాంటి దేశాల నుంచి వచ్చేది కొన్ని నిర్ణీత విమానాశ్రయాల్లోనే దిగాలి. ఆస్ట్రేలియా పాఠంలో భారతదేశం నుంచి నేరుగా ప్రవేశమే లేదు. ఆమోదించిన మరో దేశంలో ముందు కాపురం ఉండాలి. 2015లో సినిమా నటుడు జానీ డెప్ రెండు చిన్న కుక్కలను చెప్పకుండా సొంత విమానంలో దించితే, వెనక్కి పంపకపోతే చంపించాల్సివస్తుందని అక్కడి వ్యవసాయ మంత్రి అన్నాడు. ఆ కుక్కలు వెళ్లిపోయాయి. ఆ దేశంలో ఇంద్రుడు ఆ మాత్రం గట్టివాడు.

'క్రేట్': శ్రీనివాసపురంలో క్రేట్ అంటే ఏమిటో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. మామిడికాయల ప్లాస్టిక్ పెట్టె. మే వచ్చిందంటే మార్కెట్ యార్డు నుంచి బస్టాండు దాకా అవే. తోతాపురి, బాదామి, నీలం. మామిడికి కూడా అమెరికా తలుపు తెరిచింది 2007లోనే, అదీ రేడియేషన్ పట్టించాక. పురుగు ఉందేమోనన్న అనుమానం కాయకూ తప్పలేదు, కుక్కకూ తప్పలేదు. కాని కాయను ఎవరూ బేబీ అనలేదు.

కుక్క బోనుకు విమానసంస్థల సంఘమైన ఐయాటావారి కొలతలున్నాయి. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, నేల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే బోను పొడవు. భుజాల వెడల్పును రెట్టిస్తే బోను వెడల్పు. నిలబడాలి, తిరగాలి, పడుకోవాలి. వాస్తులో ఆయాలు ఎనిమిది. నాలుగోది శ్వానాయం, నివాసానికి పనికిరాదంటారు. కుక్క నివాసానికి శ్వానాయం పనికివస్తుందా రాదా? ఈ ప్రశ్నతో నేను రెండు రోజులు టేపు పట్టుకుని బ్రూనో చుట్టూ తిరిగాను. మా ఇంటావిడ చూసి, "కుక్కకు గృహప్రవేశం ఎప్పుడు?" అంది.

బోను అలవాటు చేయాలని నెలన్నర దాని అన్నం అందులోనే పెట్టాను. మొదటి వారం మెడ చాచి మూతి ముందుకు పెట్టి తినేది. తర్వాత లోపలికి వెళ్లి పడుకోవడం మొదలుపెట్టింది. ఇది మాత్రం నేను బాగా చేశాను.

'ఒత్తిడి లేకుండా': ఎవరికి? సందిగ్ధం.

'మీరు నిశ్చింతగా ఉండండి': ఇక్కడ 'మీరు' పూజార్థక బహువచనం కాదు. జర్మనీలో ఇద్దరు.

తాత్పర్యం

రక్తం నేనే తీయించాను. ఫలితం వచ్చింది, చాలినంత ఉంది. మూడు నెలలు గడిచాయి. "ఎండాకాలం అయ్యవారూ, ఈ వేడిలో కుక్కను విమానంలో ఎక్కించుకోరు" అన్నాడు అబ్బాయి. నిజమే. తర్వాత ఆ ఫ్లాటు యజమాని కుక్క వద్దన్నాడట. తర్వాత ఇల్లు మారతామన్నారు. యజమాని ప్రయాణానికి ఐదు రోజులు అటో ఇటో కుక్క ప్రయాణం ఉండాలని నియమం కనుక, ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోవాలి. ఏటేటా టీకా తప్పకుండా పడితే ఆ రక్తపరీక్ష చెల్లుతూనే ఉంటుంది. తప్పకుండా పడుతోంది. ఆ రోజు కుక్కను ఆటోలో ఎక్కించుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లేది నేను. ఎదురింటావిడను మోకాలికి కోలారు తీసుకెళ్లేదీ నేనే. రెండూ ఒకే రోజు పడితే ఆవిడ నవ్వుతుంది.

వీధి పిల్లలు దాన్ని బ్రూనప్పా అని పిలుస్తారు. పలుకుతుంది. జర్మనీ నుంచి ఫోన్ వస్తే దాని ముఖం ముందు పెడతాను. అప్పుడూ తోక ఆడిస్తుంది.

బోను నా దగ్గరే ఉంది. ఈ ఏడు అందులో గడ్డి పరిచి బాదామి కాయలు మాగవేశాను. బ్రూనో దాని ముందు పడుకుంటోంది.