కంపెనీ తెరుచుకోకపోతే ఏమీ చేయకండి

పరిగిలో ఎరువుల అంగడి మొదలుకొని ధర్మవరం పట్టుచీరల షాపుల దాకా, హిందూపురం చింతపండు మండీల నుంచి తూముకుంటలోని చిన్న యూనిట్ల దాకా లెక్కలు చాలావరకు ఇప్పుడు టాలీ సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తున్నాయి. "అన్నా, కంపెనీ ఓపెన్ కాలా" అని, అంటే అంగడి లెక్కల ఫైలు తెరుచుకోలేదని, అకౌంటెంట్ కేకేసే రోజు ప్రతి అంగడికీ ఒకటి వస్తుంది. ఆ కేక వినగానే పక్క అంగడాయనా, ఫోన్లో స్నేహితుడూ, కంప్యూటర్లు బాగుచేసే పిల్లోడూ తలా ఒక మందు చెప్తారు. అన్నీ ఐదు నిమిషాల్లో పని జరిగే మందులే. నేను చెప్పేవి వాటికి అడ్డం తిరిగి ఉంటాయి. కొన్ని వినగానే తప్పుడు సలహాల్లా తోస్తాయి. అయినా చిన్న వ్యాపారి పుస్తకాలు నాలుగు కాలాలు నిలవాలంటే ఇవే దారి అని నా గట్టి నమ్మకం.

ముందుగా, ఏమీ చేయకండి. ఎర్రర్ కనిపిస్తున్న స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి టాలీ మూసేయండి. పదేపదే తెరిచి చూడొద్దు, రిపేర్ నొక్కొద్దు, డేటా ఫోల్డర్‌లో ఒక్క ఫైలు కూడా డిలీట్ కొట్టొద్దు. కంపెనీ ఫోల్డర్‌కు 10000 లాంటి అంకెల పేరు ఉంటుంది. దాన్ని మొత్తంగా ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. కట్ చేసి పేస్ట్ చేయడం కాదు, కాపీయే. ఆ కాపీ సగంలో ఆగిపోయి చదవలేకపోతున్నానని విండోస్ మొరాయించిందా, జబ్బు టాలీలో లేదు, హార్డ్‌డిస్కులో ఉంది. అలాంటప్పుడు మిషన్ ఆపేసి డిస్కు తెలిసినవాళ్లకు చూపించాలి. అంతకుమించి ఆ డిస్కు మీద చేసే ప్రతి ప్రయత్నమూ ఉన్నదాన్ని కూడా పోగొడుతుంది.

ఇంత నిదానం ఎందుకంటే, ఫైలు అందలేదన్న ఎర్రర్‌కు ఎక్కువసార్లు ఫైలు చెడిపోవడం కారణం కాదు. ఎవరో దాన్ని పట్టుకుని ఉంటారు, లేదా మీకు అనుమతి లేదు, లేదా టాలీ వెతుకుతున్న చోట ఫోల్డర్ లేదు. బీరువా తెరుచుకోకపోతే గునపం తెచ్చే ముందు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఇంట్లో అడుగుతాం కదా. ఇక్కడా అడగాల్సిన ప్రశ్న అదే.

ఆ ప్రశ్నకు జవాబు డేటా ఉన్న కంప్యూటర్‌లోనే దొరుకుతుంది. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూడండి. ఏ ఫైలును ఎవరు పట్టుకుని ఉన్నారో పేరుతో సహా కనిపిస్తుంది. గోడౌన్‌లో ఉన్న సిస్టమ్‌లో టాలీ మూయకుండా ఎవరో భోజనానికి పోయి ఉంటారు, అది నిద్రలోకి జారుకుని ఉంటుంది. సెషన్‌ను బలవంతంగా తెంపకుండా ఆ మనిషికి ఫోన్ చేసి తనే మూసేలా చూడండి. సగంలో ఉన్న వోచర్ ఏదైనా ఉంటే అతనికే తెలుస్తుంది. మనిషి వచ్చేదాకా అరగంట ఆగితే వ్యాపారం మునిగిపోదు.

డేటా పెన్‌డ్రైవ్‌లోనో, బయటి హార్డ్‌డిస్కులోనో పెట్టుకున్నవాళ్లకు ఇంకో తంటా. నిన్న డి అన్న డ్రైవ్ ఇవాళ ఇ అవుతుంది, కంపెనీల జాబితా ఖాళీగా కనిపిస్తుంది. "డేటా పోయింది" అని గుండె బాదుకునేవాళ్లలో కొందరి డేటా అక్కడే క్షేమంగా ఉంటుంది. టాలీ ఎక్కడ వెతకాలో టాలీ డాట్ ఐఎన్ఐ అన్న చిన్న ఫైలులో రాసి ఉంటుంది, ఆ దారి సరిచూస్తే చాలు. అసలు నడిచే డేటాను పెన్‌డ్రైవ్‌లో గానీ వన్‌డ్రైవ్ సింక్ చేసే ఫోల్డర్‌లో గానీ పెట్టొద్దు. టాలీ రాస్తున్న ఫైలునే వన్‌డ్రైవ్ కూడా అదే క్షణంలో తాకుతుంటుంది.

ఇటీవల ఎక్కువగా కనిపిస్తున్న కారణం వేరు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అంగళ్లలో కొత్త కంప్యూటర్లు వచ్చాయి, వాటిలో విండోస్ 11. దాని 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌ను ముందుగానే ఆపేసి ఇస్తున్నారు. ఏళ్లుగా పాస్‌వర్డ్ అడక్కుండా తెరుచుకున్న టాలీ ఫోల్డర్ కొత్త మిషన్ నుంచి తెరుచుకోదు. అప్పుడు అందరూ చెప్పేది ఒకటే: గెస్ట్ ఆన్ చెయ్యి, పాత ఎస్ఎంబీ1 షేరింగ్ ఆన్ చెయ్యి, ఫోల్డర్‌కు ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ ఇచ్చెయ్యి, యాంటీవైరస్ ఆపెయ్యి. ఈ నాలుగింటిలో ఒక్కటీ చేయొద్దు. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై వైరస్ ఆ పాత ఎస్ఎంబీ1లోని లోపం పట్టుకునే ఒక మిషన్ నుంచి ఇంకోదానికి దూకింది. మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లను కూడా అది వదల్లేదు. తలుపు పూర్తిగా తెరిచిపెట్టిన ఫోల్డర్‌లో రేపు ఫైళ్లన్నిటికీ తాళం పడి, డబ్బు పంపమని స్క్రీన్ మీద నోటీసు పడితే, ఇవాళ మిగిలిన అరగంట ఏ మూలకూ రాదు.

సరైన పని కొంచెం విసుగ్గా ఉంటుంది. డేటా ఉన్న మిషన్‌లో టాలీ కోసం ఒక యూజర్‌ను సృష్టించి, దానికో పాస్‌వర్డ్ పెట్టి, ఆ యూజర్‌కు మాత్రమే ఫోల్డర్‌లో చదివే, రాసే అనుమతి ఇవ్వాలి. మిగతా సిస్టమ్‌ల నుంచి ఆ పేరుతోనే కనెక్ట్ కావాలి. ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. కంప్యూటర్ తెరవడానికి రోజూ కొట్టే నాలుగంకెల పిన్ నెట్‌వర్క్ షేర్‌కు పనిచేయదు. అసలు పాస్‌వర్డే కావాలి. అది ఎవరికీ గుర్తుండదు కాబట్టే కొత్త యూజర్‌ను పెట్టుకోమంటున్నాను.

ఇక అందరూ నన్ను కోప్పడే సలహా. రిటర్న్ గడువు రోజున ఫైలు తెరుచుకోకపోతే, గడువును వదిలేయండి.

నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1, 20న 3బి. సరిగ్గా ఆ తేదీల్లోనే తొందరపాటు జరుగుతుంది, ఆ తొందరలోనే డిలీట్‌లూ రిపేర్‌లూ పడతాయి. లెక్క వేసి చూడండి. ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలు, కేంద్రానికి 25, రాష్ట్రానికి 25. ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపున్న వ్యాపారికి ఒక రిటర్న్ మీద అది మొత్తం 2,000 దాటదు. మూడు రోజులు ఆగితే 150 రూపాయలు. దానికి భయపడి మూడేళ్ల పుస్తకాల మీద ప్రయోగాలు చేయడం న్యాయమా? 18 శాతం వడ్డీ మాటేమిటంటారు. దానికీ దారి ఉంది. 20లోగా చలానా తీసి, కట్టాల్సిన పన్నుకు సరిపడా డబ్బు ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లో వేయండి. 2024 జులైలో జీఎస్టీ 88బి నిబంధనను సవరించాక, గడువులోగా ఆ లెడ్జర్‌లో ఉండి, రిటర్న్ వేసేటప్పుడు పన్నుకు వాడిన మొత్తం మీద వడ్డీ పడదు. కొంచెం ఎక్కువే అంచనా వేసి కట్టండి, మిగిలింది వచ్చే నెలకు పనికొస్తుంది.

జీఎస్టీఆర్-1 విషయంలో మాత్రం ఒక మనిషి నష్టపోతాడు, మీ దగ్గర సరుకు కొన్న వ్యాపారి. గడువు దాటితే ఆ నెల 14న తయారయ్యే అతని జీఎస్టీఆర్-2బిలో మీ బిల్లు కనబడదు, పన్ను క్రెడిట్ ఒక నెల వెనక్కి పోతుంది. గౌరిబిదనూరులో ఉన్నా బెంగళూరులో ఉన్నా అతనికి ముందే ఫోన్ చేసి చెప్పండి. చెప్పకుండా ఎగ్గొట్టడం వేరు, చెప్పి ఆలస్యం చేయడం వేరు.

కాగితం బిల్లుబుక్కు మానేయొద్దు. టాలీ వచ్చాక అది పాతకాలపు పని అనుకుంటారు, ఫైలు మూసుకున్న రోజున అంగడిని నడిపేది అదే. బిల్లు నంబర్ 16 అక్షరాలు మించకూడదు, వరుసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబర్ రెండుసార్లు రాకూడదు. అయితే ఒకటికి మించి వరుసలు పెట్టుకోవచ్చు. కాగితం బిల్లులకు వేరే అక్షరంతో మొదలయ్యే వరుస ఒకటి అచ్చు వేయించి పెట్టుకోండి. ఫైలు తెరుచుకున్నాక అదే వరుసతో టాలీలో ఎక్కించండి. ఈ-వే బిల్లు కావాలంటే పోర్టల్‌లో నేరుగా చేసుకోవచ్చు, దానికి టాలీ అక్కర్లేదు. టర్నోవర్ 5 కోట్లు దాటి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరైనవాళ్లు మాత్రం వ్యాపారులకు ఇచ్చే బిల్లులు ఇలా చేతిరాతతో ఇవ్వకూడదు.

బిల్లుబుక్కు పక్కనే ఒక చిట్టా పెట్టండి. ప్రతి శనివారం టాలీలో స్టాటిస్టిక్స్ రిపోర్ట్ తెరిచి, సేల్స్ ఎన్ని, పర్చేజ్ ఎన్ని, రసీదులెన్ని, చెల్లింపులెన్ని అన్న అంకెలు పెన్నుతో రాయించండి. కింద ఆ రోజు క్యాష్ నిల్వ, బ్యాంకు నిల్వ. ఒక పేజీలో నాలుగు వారాలు పడతాయి. ఈ పని ఎందుకో రిపేర్ రోజున తెలుస్తుంది. రిపేర్ అంటే టాలీ డేటాను మొత్తం తిరగరాయడం. చదవలేని వోచర్ దొరికితే అది రాలిపోవచ్చు. కంపెనీ చక్కగా తెరుచుకుంటుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, పన్నెండు బిల్లులు మాయమైన సంగతి ఆరు నెలల తర్వాత ఆడిటర్ చెప్తాడు. చేతిలో శనివారం అంకెలుంటే ఆ నిమిషంలోనే తేలిపోతుంది. అందుకే రిపేర్ చివరి అస్త్రం. అదీ అందరూ బయటికి వచ్చాక, కాపీ మీదే.

పాత బ్యాకప్ రిస్టోర్ చేసేటప్పుడు కూడా కొత్త ఫోల్డర్‌లోకి చేయండి. అదే చోట చేస్తే బ్యాకప్ తర్వాత ఎక్కించిన ఎంట్రీల మీద పాత డేటా వచ్చి కూర్చుంటుంది.

యజమానులకు ఒక మాట. డేటా ఎక్కడుందో అకౌంటెంట్‌కు తెలుసులే అని వదిలేయకండి. టాలీ 1986లో బెంగళూరులో పుట్టింది, మన హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరంలో. మిల్లులకు సామాను సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకా తన లెక్కలకు తగిన సాఫ్ట్‌వేర్ దొరక్క కొడుకు భరత్‌తో రాయించుకున్నారు. వ్యాపారి తన పుస్తకం తన చేతిలో ఉంచుకోవడానికే అది తయారైంది. ఏ మిషన్, ఏ డ్రైవ్, ఏ ఫోల్డర్ అన్నది మీరే స్వయంగా చూసి రాసుకోండి.

ఆ కాగితం మీదే కంపెనీ డేటాకు తాళంగా పెట్టిన టాలీవాల్ట్ పాస్‌వర్డ్ కూడా రాయండి. పాస్‌వర్డ్ ఎక్కడా రాయొద్దని లోకమంతా చెప్తుంది, నేను రాయమంటున్నాను. వాల్ట్ పాస్‌వర్డ్ మరిచిపోతే టాలీని తయారుచేసినవాళ్లు కూడా ఆ కంపెనీని తెరవలేరు. అకౌంటెంట్ పని మానేసి పోతే డేటా అక్కడే ఉండి అందకుండా పోతుంది. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలని చట్టం. అన్నేళ్లు ఒకరి జ్ఞాపకం మీద ఆధారపడలేం. కవర్‌లో పెట్టి, అతికించి, ఇంట్లో పత్రాల దగ్గర దాచండి. పాస్‌వర్డ్ మార్చిన రోజునే కవర్ కూడా మార్చండి.