కాకికి హాట్‌స్పాట్ లేదు

ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్ వెబ్ డిజైనర్నయ్యాక నాకు బాసు లేడు. వాట్సాప్‌లో పదకొండుమంది ఉన్నారు.

భోగినాడు తెల్లవారుజామున మంట దగ్గర చలి కాచుకుంటుంటే ఫోను మోగింది. ‘చిన్న మార్పేనండీ, లోగో కాస్త పెద్దది చెయ్యండి.’ లోగో పెంచితే మెనూ కిందికి జారింది. మెనూ సర్దితే మొబైల్లో బటన్ మాయమైంది. అన్నీ కుదిరేసరికి మంట ఆరిపోయింది. సంక్రాంతినాడు ‘పాతదే బాగుందండీ’ అన్నారు. కనుమనాడు కాకైనా కదలదంటారు. నిజమే, కాకికి హాట్‌స్పాట్ లేదుగా!

పని త్వరగా తెమిలితే సెలవు చిక్కుతుందని కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. దాని వాయిదాలు కట్టడానికి ఇంకో రెండు పనులు ఒప్పుకున్నాను. కరెంటు పోతేనైనా విశ్రాంతి ఉండేది. ఇన్వర్టర్ కొని ఆ ఆశా చంపుకున్నాను. దసరాకి ఆయుధపూజ చేసి పెట్టిన కుంకుమ బొట్టు ఆరకముందే ల్యాప్‌టాప్ మూత తెరిచాను. లోపలి గదిలోంచి మా అత్తగారి గొంతు: ‘అల్లుడుగారికి ఆఫీసే లేదన్నావు, మరి ఇంత పనేమిటే?’

పని సరే, ఇక డబ్బుల సంగతి. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థల బిల్లులు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. నేనూ నమోదయ్యాను. భోగినాటి లోగో డబ్బుల కోసం ఉగాదికి ఫోన్ చేశాను.

‘పండగ కదండీ, అకౌంటెంట్ సెలవులో ఉన్నాడు’ అన్నారు.