పాడెల్ క్రీడలో సోపానారోహణ విధానం

పాడెల్ అనే పేరు వినగానే తెలుగు చెవికి తోచే అశుభానికీ ఈ క్రీడకూ ఏ సంబంధమూ లేదు; రెండింటికీ నలుగురు మనుషులు తప్పనిసరి కావడం మాత్రం కాకతాళీయమైన సామ్యం. 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్కుయేరా అనే సంపన్నుడు తన ఇంటి ఆవరణలో టెన్నిస్ కోర్టుకు చోటు చాలక, ఉన్న చోటునే గోడలతో మూసి మొదలుపెట్టిన ఆట ఇది. 1974లో ఆయన మిత్రుడు అల్ఫోన్సో దె హోహెన్లోహె దీన్ని స్పెయిన్ దక్షిణ తీరంలోని మార్బెయాకు తీసుకువెళ్లగా, అక్కడ వేళ్లూని ఆ దేశమంతటా వ్యాపించింది. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల ఆవరణ, వెనకవైపు 3 మీటర్ల గాజు గోడ, దానిపై మరో మీటరు ఇనుప జాలీ, నడుమ 88 సెంటీమీటర్ల ఎత్తు వల, ఇవీ రంగస్థలం కొలతలు. సర్వీసు నడుము ఎత్తు దాటకుండా చేయాలి గనుక, టెన్నిస్‌లో ఏళ్ల తరబడి కూడబెట్టిన సర్వీసు విద్య ఇక్కడ చెల్లని నోటు. బంతి ఒకసారి నేలను తాకిన తరువాత గోడను తాకినా ఆట ఆగదన్నది ఇందులోని ప్రధాన సూత్రం. ఈ ఒక్క సూత్రాన్ని మనస్ఫూర్తిగా అంగీకరించడానికి మనిషి ఎంత దూరం వచ్చాడన్నదాన్నే ఈ క్రీడలో స్థాయి అంటారు.

స్పెయిన్‌లో కోర్టులు బుక్ చేసుకోవడానికి విరివిగా వాడే ప్లేటోమిక్ అనే మొబైల్ యాప్ ప్రతి ఆటగాడికీ 0 నుంచి 7 వరకు, దశాంశాలతో సహా, ఒక అంకెను కేటాయిస్తుంది. మొదట కొన్ని ప్రశ్నలకు ఆటగాడు ఇచ్చుకున్న జవాబులను బట్టి, ఆపైన ఆడిన ఆటల ఫలితాలను బట్టి అది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. సాధకుడు గ్రహించవలసిన మొదటి రహస్యం ఏమంటే, ఈ నిచ్చెనలో అన్నిటికన్నా సులువుగా ఎక్కగలిగిన మెట్లు ప్రశ్నావళిలోనే ఉన్నాయి. మాడ్రిడ్ సాధకుడైతే చిన్ననాటి టెన్నిస్‌ను, ఇటీవల పాడెల్ కోర్టులు వెలసిన హైదరాబాదు సాధకుడైతే అపార్టుమెంటు వెనక ఆడిన షటిల్‌ను, ఇద్దరూ టీవీలో చూసిన వింబుల్డన్ ఫైనల్స్‌ను లెక్కలో కలుపుకొని జవాబులిచ్చినట్లయితే, బ్యాటు పట్టకముందే 2.5 దగ్గర నిలబడవచ్చు. నిజాయితీగా 0.5 అని రాసుకున్నవారికి తమవంటివారే తోడు దొరుకుతారు, ఆట నెమ్మదిగా సాగుతుంది, ఆ నెమ్మదిలో ఏదైనా నేర్చుకునే ప్రమాదం కూడా ఉంది.

సామగ్రి విషయంలో శాస్త్రం స్పష్టంగా ఉంది. తంతులు లేకుండా చిల్లులతో ఉండే ఈ బ్యాటును స్పానిష్ భాషలో పాలా అంటారు. ఆ మాటకు పార అన్న అర్థం కూడా ఉంది గనుక, తొలినాళ్లలో దాన్ని మట్టి ఎత్తుతున్నట్టు వాడేవారిని భాషాపరంగా తప్పుపట్టడానికి వీల్లేదు. గుండ్రని తలగల పాలాలో బరువు చేతికి దగ్గరగా ఉండి, బంతిని సరిగ్గా తాకే మేర విశాలంగా ఉంటుంది కాబట్టి అదుపు ఎక్కువ. వజ్రాకృతి పాలాలో బరువు పైకి పోయి ఉంటుంది కాబట్టి సరైన చోట తగిలితే వేగం ఎక్కువ, తగలకపోతే ఆ అదురు ముంజేతి మీదుగా మోచేతికి చేరుతుంది. మొదటిదే కొత్తవారికి తగినదని శిక్షకులు చెబుతారు కాబట్టి, చూసినవారు కొత్తవాడనుకోకుండా ఉండేందుకు సాధకుడు రెండోదాన్నే, అదీ 300 యూరోలకు తగ్గకుండా, కొనవలసి ఉంటుంది. కొంతకాలానికి టెన్నిస్ ఎల్బో అనే మోచేతి నొప్పి, దాని వెంట బిగించి కట్టే పట్టీ వస్తాయి. పట్టీ కట్టిన మనిషిని ఎవరూ 1.5 అనుకోరు. పాలా పిడికి ఉండే తాడును మణికట్టుకు తగిలించుకోవడం నియమాల ప్రకారం తప్పనిసరి. పాయింటు పోయినప్పుడు పాలాను విసిరికొట్టే స్వేచ్ఛను ఇది హరిస్తున్నదన్న ఫిర్యాదులో కొంత న్యాయం లేకపోలేదు.

రెండో స్థాయి నుంచి మూడో స్థాయికి మధ్య ఉన్న అగాధం గాజు గోడ. ప్రత్యర్థి కొట్టిన బంతి సాధకుడి పాదాలను దాటి లోతుగా పడుతుంది. అతడు దానితో పోటీ పడుతూ వెనక్కి పరుగెత్తి, ముక్కు గాజుకు నాలుగు అంగుళాల దూరంలో ఉండగా పాలా ఊపుతాడు. ఠంగుమని మోగేది పాలా, బంతి కాదు. బంతి అప్పటికే గాజును తాకి, అతడి భుజం పక్కనుంచి తీరిగ్గా తిరిగి వెళ్లి, కోర్టు నడుమ, ఎవరైనా కొట్టదగిన ఎత్తులో కాసేపు నిలిచి, రెండోసారి నేలను తాకుతుంది. శిక్షకుడు పక్కనుంచి దేహలా, అంటే వదిలెయ్, అని అరుస్తూనే ఉంటాడు. పక్కకు తిరిగి నిలబడి, బంతి కన్నా ముందే వెనక్కి జరిగి, అది గోడను తాకి తనంతట తాను ముందుకు వచ్చేదాకా ఓపిక పట్టి, శరీరానికి ముందు, కిందనుంచి మెల్లగా ఎత్తి పంపితే పని అయిపోతుంది. కోసినట్టు వచ్చిన బంతి గోడను తాకి కిందికి జారుతుందనీ, చదునుగా వచ్చినది ముందుకు దూకుతుందనీ గమనిస్తే ఎక్కడ నిలబడాలో కూడా తెలుస్తుంది. పుట్టింది మొదలు వైరాగ్యం గురించి వింటూ పెరిగిన జాతికి వదిలెయ్ అన్న మాట కొత్తది కాకపోయినా, వేదాంతంలో వదలవలసినది సంసారం మాత్రమే గనుక సులువు. ఇక్కడ వదలవలసినది పసుపుపచ్చగా కళ్లముందే పోతున్న బంతి. కాబట్టి గాజును పూర్తిగా ఉపేక్షించి, ప్రతి బంతినీ గోడ చేరకముందే, సగం ఎగిరిన స్థితిలోనే కొట్టడం ఈ స్థాయిలో స్థిరంగా ఉండదలచినవారికి శ్రేయస్కరం.

బంతిని గోడకు వదిలెయ్యడం కన్నా సిగ్గుచేటుగా భావించబడేది గ్లోబో, అంటే బెలూను: వల దగ్గర నిలబడ్డ ప్రత్యర్థుల తలల మీదుగా బంతిని ఎత్తుగా, లోతుగా పంపడం. పాడెల్‌లో పాయింట్లు ఎక్కువగా గెలిచేది వల దగ్గర ఉన్న జంట కావడం వల్ల, వారిని అక్కడినుంచి వెనక్కి పంపి ఆ చోటును ఆక్రమించడానికి ఇంతకు మించిన సాధనం లేదు. కానీ గ్లోబోకు ఎవరూ చప్పట్లు కొట్టరు. చప్పట్లు స్మాష్‌కే. అందువల్ల కోర్టులో ఎంత వెనక ఉన్నప్పటికీ, గాలిలో ఎత్తున కనిపించిన ప్రతి బంతినీ బలం కొద్దీ మోదవలసినదే. ఆ బంతి అవతలి నేలను తాకి, వెనక గాజును తాకి, మోదిన బలానికి తగినట్టుగానే తిరిగి ముందుకు వచ్చి ప్రత్యర్థి చేతికి అందుతుంది; మెల్లగా కొట్టినట్లయితే ఈ సౌకర్యం ఆయనకు దక్కేది కాదు. గోడలున్న ఆటలో బలం అతిథి సత్కారంగా మారడం, ఈ క్రీడను కనిపెట్టినవారు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, అందులోని అందమంతా అదే.

నాలుగో స్థాయిలో బందేహా, వీబొరా అనే రెండు దెబ్బలు ఎదురవుతాయి. బందేహా అంటే పళ్లెం. హోటల్ సర్వరు భుజం మీద పళ్లెం మోస్తున్న భంగిమలో పాలాను పట్టి, తల మీదుగా వచ్చిన గ్లోబోను కొద్దిగా కోస్తూ, లోతుగా పంపి, వల దగ్గరి చోటు చేజారకుండా చూసుకోవడం దాని ప్రయోజనం. వీబొరా అంటే రక్తపింజరి. పక్కకు తిరిగే వేగంతో వెళ్లి గోడ మూలల్లో మెలికపడే దెబ్బ అది. పళ్లెం మోయడం నేర్చుకోకుండా నేరుగా పామును పట్టడమే లోకాచారం, దాని ఫలితం వైకుంఠపాళి ఆడిన ప్రతివారికీ తెలిసినదే; పాము నోట పడినవాడు ఎన్ని గళ్లు దిగిపోతాడో యాప్ దశాంశాలతో సహా చూపిస్తుంది.

జోడీ గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఓటమికి కారణం అక్కడే దొరుకుతుంది. అర్జెంటీనాకు చెందిన ఫెర్నాందో బెలాస్తెగిన్ వరుసగా 16 ఏళ్లు ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచాడు, 2024లో ఆట నుంచి విరమించుకున్నాడు. ఆ 16 ఏళ్లలో 13 ఏళ్లు ఆయన పక్కన ఉన్నది ఒకే మనిషి, హువాన్ మార్తీన్ దియాస్. ఇటువంటి దృష్టాంతాలు సామాన్యులను నిరుత్సాహపరుస్తాయి గనుక, వారం వారం జోడీని మార్చడమే ఉచితం. ఇద్దరి మధ్యకు వచ్చిన బంతి ఎవరిదో ముందే పలకడానికి స్పానిష్‌లో మీయా, అంటే నాది, తూయా, అంటే నీది, అనే మాటలున్నాయి. బంతి ఇద్దరినీ దాటి వెనక్కి వెళ్లేదాకా మౌనంగా ఉండి, ఆ తరువాత స్పష్టంగా తూయా అనడం నాలుగో స్థాయి మర్యాద. ప్రత్యర్థులు బంతులన్నీ బలహీనుడివైపే పంపుతూ, బలవంతుడికి ఆడే అవకాశమే లేకుండా చేసే వ్యూహాన్ని నెవెరా, అంటే ఫ్రిజ్, అంటారు. ఫ్రిజ్‌లో పెట్టబడినవాడు పని లేక చల్లబడిపోతాడని భావం. వరసగా 20 బంతులు తనవైపే వచ్చాయంటే ప్రత్యర్థులు తనను గౌరవిస్తున్నారనీ, చేతులు కట్టుకు నిలబడ్డ జోడీ ఆటలో వెనకబడ్డాడనీ నమ్మే సాధకుడి ఆత్మవిశ్వాసాన్ని ఏ అంకే తగ్గించలేదు.

ఐదు, ఆ పైస్థాయుల గురించి రాయవలసినది కొద్దే. అక్కడివారు గ్లోబోలు వేస్తారు, బంతిని వదిలేస్తారు, మధ్య బంతికి గట్టిగా మీయా అంటారు, పాలాల ఆకారం గురించి అసలు మాట్లాడుకోరు. చూడటానికి చాలా నీరసంగా ఆడుతున్నట్టు కనిపిస్తారు, ఎప్పుడు గెలిచారో తెలియదు. వారిని అనుకరించడం వల్ల ప్రేక్షకుల్లో పేరు రాదని ఈ పాటికి స్పష్టమై ఉంటుంది.

స్పెయిన్‌లో కోర్టును సాధారణంగా 90 నిమిషాలకు అద్దెకిస్తారు. ఆ గడువు ముగిశాక నలుగురూ క్లబ్బులోని బార్‌లో బీరు గ్లాసుల ముందు కూర్చుని, గాజు గోడలో వంకర ఉందనీ, బంతులు పాతవనీ, యాప్ లెక్క తప్పనీ తేల్చుతారు. 1.5 అయినా 5 అయినా కోర్టు అద్దె మాత్రం నాలుగు సమాన వాటాలే.