ఎర్రగుడి గుండు చెప్పుకున్నది

స్తంభం అనిపించుకునే యోగం నాకు లేదు. అశోకుడి పేరెత్తగానే జనానికి సారనాథ్ సింహాలే గుర్తొస్తాయి. నున్నగా మెరిసే ఆ సింహాలు నోట్ల మీదికీ నాణేల మీదికీ ఎక్కి కూర్చున్నాయి. నేనేమో కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారి పక్కన, ఎర్రగుడి కొండ మీద మొరటు గుండును. నాకెవరూ నునుపు పెట్టలేదు, ఎక్కడికీ మోసుకుపోలేదు. ఉన్నచోటనే ఉలి దిగింది.

ఉలి సంగతి వదిలేయండి, మాట సంగతి వినండి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు రాజు కళింగాన్ని గెలిచాడు. లక్ష మంది హతమయ్యారు, లక్షన్నర మందిని తరలించుకుపోయారు, అంతకు ఎన్నో రెట్లు ఇంకా చచ్చారు. ఆ లెక్క తానే చెప్పి, గెలిచినందుకు మనసు కుములుతోందన్నాడు. ఇకమీదట గెలుపంటే ధర్మంతో గెలవడమేనన్నాడు. కొడుకులూ మునిమనవళ్లూ కొత్త దండయాత్రల ఊసెత్తవద్దన్నాడు. అదే నా మీద చెక్కిన 13వ శాసనం. అందులో యవన రాజులున్నారు, చోళులు, పాండ్యులు ఉన్నారు, ఆంధ్రులూ ఉన్నారు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఆంధ్రుల పేరు మోశానంటే నాకు గర్వం కాదూ!

మధ్యలో అడవిజాతుల వారికి చిన్న బెదిరింపూ ఉంది. పశ్చాత్తాపపడ్డాను గానీ నా బలం తగ్గలేదు, బుద్ధిగా ఉండండని దాని భావం. ఎంతైనా రాజు కదా.

ఒక్కటే నాకు మింగుడు పడదు. కళింగంలోనే ఉన్న ధౌళి, జౌగడ బండల మీదా శాసనాలు చెక్కించాడు. అక్కడ మాత్రం 13వది లేదు. ప్రజలంతా నా బిడ్డలేనంటూ, ఎలా పాలించాలో అధికారులకు చెప్పే వేరే శాసనాలు పెట్టించాడు. దెబ్బతిన్నవాళ్లకు చెప్పాల్సిన మాటను ఇంత దూరాన, ఈ యుద్ధంతో సంబంధమే లేని నాకు చెప్పిపోయాడు. కళింగుల ముందు అంత పశ్చాత్తాపం ఒలకబోస్తే అలుసైపోతాననుకున్నాడో ఏమో!

తర్వాత నా మీది బ్రాహ్మీ లిపి చదివేవాళ్లే లేకుండా పోయారు. వందల ఏళ్లు మేకలు నామీదెక్కి నెమరేశాయి. 1837లో ప్రిన్సెప్ అనే దొర ఆ లిపి గుట్టు విప్పాడు, అయినా నా దాకా ఎవరూ రాలేదు. 1920ల చివర్లో రాళ్లు పరీక్షించే ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడ్డాను. అప్పుడు పండితులు దిగారు. ఇక్కడే చెక్కిన మరో చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి, కొన్ని కుడి నుంచి నడుస్తాయి. ఆ లేఖకుడి చాదస్తం వాళ్లకు చెమటలు పట్టించింది. ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాను.

తొలకరి పడితే నా చుట్టుపక్కల జొన్నగిరి, తుగ్గలి చేలల్లోకి ఎక్కడెక్కడి జనమో దిగుతారు, వజ్రాలేరడానికి. పొద్దస్తమానం తలొంచుకుని నేలే చూస్తారు. మొన్నొకాయన నా నీడలో సద్దిమూట విప్పి తిని, లేస్తూ నన్ను తట్టి చూశాడు.

"ఈ గుండు కింద ఏమన్నా ఉంటాదంటావా?"

"ఉంటే ఇన్నాళ్లు ఆగుతాదా, యెవడో ఎప్పుడో ఎత్తకపోయింటాడు, పా" అన్నాడు పక్కనాయన.