కింద సంతకాలు చేసినవాళ్ళము

2020 ఫిబ్రవరి. ఢిల్లీలో నిర్భయ దోషులకు జనవరి 22న ఉరి అన్నారు, ఆగిపోయింది. ఫిబ్రవరి 1న అన్నారు, మళ్ళీ ఆగిపోయింది. ఆ ఆగిపోయిన ఉరి సెగ కోడుమూరు బస్టాండు దగ్గర ఉగ్గాని హోటల్లో తగులుతోంది.

అందరికన్నా ఎక్కువ మండిపోతున్నది ఎరువులంగడాయన. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చచ్చిపోయిన రోజు ఇదే హోటల్లో ఆయన మైసూరుపాకు పంచాడు. వారం తిరిగేసరికి, 13న, అసెంబ్లీలో దిశ బిల్లు పాసైతే బజ్జీలు పెట్టించాడు. 7 రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు, అత్యాచారానికి ఉరి. ఇక రాష్ట్రపతి ఆమోదమే తరువాయి.

"ఒక్క సంతకం పెట్టేదానికి ఇన్ని దినాలా? మనమే వంద సంతకాలు పెట్టి పంపిద్దాం పాండి" అన్నాడు ఎరువులంగడాయన. హోటలంతా సరేనంది.

అర్జీ అంటే కోడుమూరులో ఒకే చెయ్యి. ఆదోని కోర్టులో బెంచి గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన. మూల బల్ల దగ్గర ఉగ్గాని తింటూ అంతా వింటున్నాడు.

"రాస్తాలే అప్పా. రాసేముందు ఒక మాట. ఉరి వస్తే ఏమవుతాది?"

"భయమొస్తాది మామా. ఒగన్ని ఏలాడదీస్తే పదిమంది కొడవలి కింద పడేస్తారు."

"ఖూనీకి ఉరి ఇప్పుడు కొత్తగా రావాల్నా? తెల్లోడు 1860లో రాసిన పుస్తకంలోనే ఉండె. మన దిక్కు కొడవళ్ళు తిరిగిందంతా ఆ సెక్షను ఉండంగనే గదా. కప్పట్రాళ్ల యాదికి తెచ్చుకో. 2008లో వెంకటప్పనాయునితో కలిపి పదకొండు మందిని చంపిరి. చంపినోళ్ళకు ఆ సెక్షను తెలీకనా?"

"మరి వాళ్ళను ఉరి తీసింటే..."

"తియ్యల్యా. 2014లో మా ఆదోని కోర్టులోనే 21 మందికి యావజ్జీవం పడె. ఒక్క మెడకూ తాడు పడల్యా. అయినా ఆ పొద్దు ఈ దిక్కు జనం ముక్కు మీద వేలేసుకునిరి. ఎందుకు? కేసు నిలబడింది గనక. అది విన్న తర్వాత ఎంతోమంది కొడవండ్లు అటక మీద పెట్టినారని నేననుకుంటా. ఆమీట ఎస్పీ ఆకె రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకునె."

"యావజ్జీవమంటే ఏముంది మామా? పద్నాలుగేండ్లు తిని పండుకొని వస్తారు. ఉరే పడాల."

"లా కమిషనోళ్ళు 2015లో ఆ సంగతే తేల్చినారు నాయనా. యావజ్జీవం కన్నా ఉరికి జనం ఎక్కువ భయపడతారనే దానికి రుజువు లేదని. టెర్రరిస్టు కేసులు తప్ప మిగతావాటికి ఉరిశిక్షే రద్దు చెయ్యమనిరి."

"వాళ్ళకు ఆడబిడ్డలు లేరేమో!" అన్నాడు ఎరువులంగడాయన. బల్లలన్నీ చప్పట్లు కొట్టాయి.

పెద్దాయన నొచ్చుకోలేదు. చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నాడు.

"చిలకలూరిపేట బస్సు కేసు యాదుందా? 1993. బస్సులో 23 మంది కాలిపోయిరి. మన లద్దగిరి కోట్ల విజయభాస్కరరెడ్డే అప్పుడు ముఖ్యమంత్రి. ఇద్దరికి ఉరి పడె. అప్పుడు గూడా రాష్ట్రపతికి సంతకాలు పోయినాయి, ఉరి తియ్యొద్దని. 1998లో అది యావజ్జీవమాయె."

"చూస్తిరా! సంతకాలకు అంత బలముందన్న మాట!" ఎరువులంగడాయన తొడ చరిచాడు.

"ఉంది నాయనా. అందుకే చదువుకొని పెట్టాల."

ఆ మాట ఎవరి చెవినా పడలేదు. పెద్దాయన కాగితం సర్దుకుంటూ తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు.

"నా సర్వీసులో ఖూనీ కేసులు ఎన్ని కొట్టేసినారో లెక్క లేదు. విడిపించింది లాయరు కాదు, జడ్జీ కాదు. ఒకటే మాట. సాక్షి బోనెక్కుతాడు, దేవుని ఎదుట ప్రమాణం చేస్తాడు. పీపీ పంచనామా చూపించి ఈ సంతకం నీదేనా అంటాడు. 'సార్, నేనేం చూడల్యా. తెల్లకాయితం మీద సంతకం పెట్టించుకున్నారు' అంటాడు. హాస్టైల్. అయిపోయె. సాక్షి నోరు తెరవకముందే మా టైపిస్టు ఆ ముక్క కొట్టేసి కూర్చునేటోడు. ఉరికి భయపడాల్సింది నరికేటోడు. వాడు పడడు. భయమంతా చూసినోనిదే. అందులో ఉరి కేసు అంటే ఇంకొక ముడి. నా మాటతో వాని పానం పోతే, వాని పిల్లోళ్ళు నన్ను బతకనిస్తారా అని."

"అదంతా పాతకాలం మామా. ఇప్పుడు జనంలో చైతన్యం వచ్చింది" అన్నాడు ఎరువులంగడాయన.

"వచ్చిందా? మొన్న సంక్రాంతి ముందర ఈ బస్టాండు ఎనకాల కూరగాయల బండి పిల్లోన్ని నలుగురు కట్టెలతో కొట్టి చెయ్యి విరగ్గొట్టిరి గదా. ఎస్సై వచ్చి అడిగితే ఈ హోటల్లో ఉన్నోళ్ళంతా ఆ టైములో గోడదిక్కు తిరిగి టీ తాగుతున్నారంట గదా?"

హోటల్లో ఒక్కసారిగా అందరికీ బస్సుల టైము గుర్తొచ్చింది.

"ఆ సంగతి వేరే మామా. మీరు అర్జీ రాయండి" అన్నాడు ఎరువులంగడాయన.

పెద్దాయన రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, కోర్టు తెలుగు, పేజీ నిండా. ఎరువులంగడాయన మొదటి సంతకం చేశాడు. ఊరికే చెయ్యలేదు. పేరు కింద తేదీ వేసి, ఫోన్ నంబరు రాసి, అంగడి నుంచి రబ్బరు ముద్ర తెప్పించి మరీ కొట్టాడు. ఆ తర్వాత హోటలాయన, ఆటోలవాళ్ళు, పక్క సందులో మగ్గాలవాళ్ళు, బస్సు దిగినవాళ్ళు, ఎక్కబోయేవాళ్ళు. సాయంత్రానికి కాగితాలు చాలక వెనక పేజీలు కూడా నిండిపోయాయి. అందరూ అడిగింది ఒకటే: "యాడ పెట్టాల?" ఏముందని అడిగినవాడు లేడు.

సోమవారం స్పందన, అర్జీలు తీసుకునే రోజు. ఇరవై మంది దాకా ఎమ్మార్వో ఆఫీసుకు ఊరేగింపుగా పోయారు. ముందు ఎరువులంగడాయన, చివర గొడుగు ఊతంగా పెద్దాయన. డిప్యూటీ తహసీల్దారు కుర్చీలు వేయించి, అర్జీ అందుకుని అందరికీ వినబడేట్టు చదవడం మొదలుపెట్టాడు. "ఆడబిడ్డల మాన ప్రాణములకు రక్షణ కరువైన ఈ తరుణమున..." అన్నప్పుడు తలలూపారు. "కఠినాతి కఠినమైన మరణదండనను తక్షణమే అమలు చేయవలెనని..." అన్నప్పుడు చప్పట్లు కొట్టారు.

ఆఖరి పేరా దగ్గర డిప్యూటీ తహసీల్దారు కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు.

"శిక్ష పడుటకు సాక్ష్యము ముఖ్యము గనుక, ఈ క్రింద సంతకములు చేసిన మేమందరమూ మా కండ్లెదుట జరిగిన, ఇకమీదట జరుగబోవు ఏ నేరమునకైనను ఎవరికీ వెరవక పోలీసువారికి వాఙ్మూలమిచ్చి, కోర్టునందు బోనెక్కి సాక్ష్యము చెప్పగలవారమని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాము."

చప్పట్లు లేవు.

"భేష్! ఇట్లాంటి అర్జీ నా సర్వీసులో చూడలేదు" అన్నాడు ఆయన నిజంగానే సంతోషపడి. "మీరు సరైన టైముకు వచ్చినారు. బస్టాండు వెనక పిల్లోన్ని కొట్టిన కేసులో ఒక్క సాక్షీ దొరకలేదని ఎస్సైగారు మొన్ననే బాధపడుతున్నారు. దీని నకలు ఒకటి ఇప్పుడే స్టేషనుకు పంపిస్తా. ఇదిగో, మొదటి సంతకం, ఫోన్ నంబరు, ముద్ర కూడా ఉంది. ఎవరిదండీ ఇది?"

ఇరవై తలలూ ఎరువులంగడాయన వైపు తిరిగాయి. ఆయన ముద్ర వంక చూశాడు, వాకిలి వంక చూశాడు, చేతులు కట్టుకున్నాడు.

"సార్, నేనేం చూడల్యా. ఈ పెద్దాయన తెల్లకాయితం మీద సంతకం పెట్టించుకున్నాడు."